మా బెల్లం బొచ్చు రాలిన పదహారు నెలలు

2023 నవంబరు 19, ఆదివారం. దీపావళి వెళ్లి వారం అయింది. బాల్కనీలో నీరెండలో కూర్చుని బెల్లం వీపు దువ్వుతుంటే కుడి డొక్క మీద నా వేలికి నేరుగా చర్మం తగిలింది. బొచ్చు పక్కకు తీసి చూస్తే రూపాయి బిళ్లంత మేర ఒక్క వెంట్రుక లేదు. గాయం లేదు, ఎరుపు లేదు, పొట్టు లేదు. ఎవరో శ్రద్ధగా గొరిగినట్టు నున్నగా ఉంది.

బెల్లం మా కుందేలు. ఆడది, అప్పటికి మూడేళ్లది. పైకి లేత బెల్లం రంగు, నోటితో ఊదితే లోపల బూడిద రంగు కనిపిస్తుంది. పేరు మా అబ్బాయి పెట్టాడు. విజయవాడ సింగ్ నగర్‌లో రెండో అంతస్తు మాది. పంజరం లేదు, హాల్లో తిరుగుతుంది, సోఫా కింద పడుకుంటుంది.

బొచ్చు మార్చుకునే కాలమేమో అనుకున్నాను. ఏడాదికి రెండుసార్లు ఇంట్లో ఎక్కడ చూసినా దాని బొచ్చే కదా అని రెండు వారాలు ఊరుకున్నాను. బొచ్చు మార్చుకునేటప్పుడు రాలిన చోట కింద కొత్తది అప్పటికే వచ్చి ఉంటుంది, చర్మం సాధారణంగా ఇలా బోసిగా బయటపడదు అన్న సంగతి అప్పుడు నాకు తెలియదు. డిసెంబరు 3 నాటికి ఆ బిళ్ల పూరీ అంత అయింది. ఎడమ డొక్క మీద కూడా ఒకటి మొదలైంది.

ఆ వారమే మిచౌంగ్ తుపాను. 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇక్కడ ఒకటే వాన, ఆటో దొరికే పరిస్థితి లేదు. 7న మా పేటకు దగ్గర్లో ఉన్న పశువుల డాక్టరు గారి దగ్గరకు బట్టల బుట్టలో పెట్టి తీసుకెళ్లాను. ఆయన రోజూ చూసేవి కుక్కలు, అప్పుడప్పుడు గేదెలు. బెల్లాన్ని బల్ల మీద పెట్టి, చర్మం నొక్కి చూసి, కంటికి కనిపించని చర్మపు పురుగులు ఉండవచ్చని ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. రెండు వారాలకొకటి చొప్పున మూడు. డిసెంబరు 7, 21, జనవరి 4. ఆయనది తప్పని ఇప్పటికీ అనను. కుందేలుకు బొచ్చు రాలితే ఎవరైనా ముందు అనుమానించేది ఆ పురుగులనే. కానీ అది ఒక్కసారి కూడా గోక్కోలేదు. వీపు మీద చుండ్రులాంటి పొట్టు లేదు. ఆ రెండు మాటలూ నేను ఆయనకు చెప్పలేదు, ఆయన అడగలేదు. అవి చెప్పదగ్గ విషయాలని నాకు తట్టనే లేదు.

సంక్రాంతికి బంధువులు వచ్చారు. అప్పటికి రెండు డొక్కలూ, తోక పైభాగమూ బోడిగా ఉన్నాయి. ఒకావిడ పిల్లవాణ్ణి చంకనెత్తుకుని, "అంటుకుంటుందేమో, లోపల పెట్టెయ్యండి" అన్నారు. ఆమె భయం ఆమెది. కానీ పడకగదిలో పెట్టి తలుపు వేస్తే లోపల నుంచి అది తలుపు గీకుతున్న చప్పుడు భోజనాలు అయ్యేదాకా వినిపించింది. పక్క ఫ్లాటు పిల్లలు సాయంత్రం దానికి కొత్తిమీర కాడలు తినిపించడానికి వచ్చేవాళ్లు. వాళ్లూ మెల్లగా మానేశారు.

ఆ రోజుల్లోనే ఒక పెద్ద ప్రమాదం నుంచి బయటపడ్డాం. పెంపుడు జంతువుల సరుకులు అమ్మే దుకాణంలో కుక్కల పిడుదులకు కొట్టే స్ప్రే ఇచ్చి, కుందేలుకూ పనిచేస్తుందన్నారు. ఇంటికొచ్చి మూత తీశాక, ఎన్నిసార్లు కొట్టాలో చూద్దామని పెట్టెలోని కాగితం విప్పాను. చీమ తలకాయంత అక్షరాలు. మా అబ్బాయి ఫోనుతో ఫోటో తీసి పెద్దది చేసి చదివాడు. కుందేళ్లకు వాడరాదు అని ఉంది. మందు పేరు ఫిప్రోనిల్. కుందేలుకు అది ప్రాణాంతకమని తర్వాత హైదరాబాద్‌లో చూపించిన డాక్టరమ్మ చెప్పారు. ఆ సీసా మూత తీసి పట్టుకున్న చెయ్యి నాదే. ఇప్పటికీ ఆ సంగతి గుర్తొస్తే నాకు కాళ్లూ చేతులూ ఆడవు.

జనవరి 20న రెండో డాక్టరు గారి దగ్గరకు వెళ్లాం. ఆయన తామర అన్నారు. "ఇంట్లో ఎవరికైనా ఒంటి మీద గుండ్రటి మచ్చలు వచ్చాయా?" అని అడిగారు. లేదన్నాను. కుందేలు తామర మనుషులకు అంటుకుంటుంది కాబట్టి ఆ ప్రశ్న సరైనదే. మాకెవరికీ రాకపోవడం ఒక ఆధారమని మాత్రం ఎవరూ అనుకోలేదు. నాలుగు వారాలు నోటి ద్వారా ఇట్రాకొనజోల్, వారానికి రెండుసార్లు మందు షాంపూతో స్నానం రాశారు.

ఫిబ్రవరి 4న మొదటి స్నానం. గోరువెచ్చని నీళ్లు, ప్లాస్టిక్ టబ్బు, నేనూ మా వారూ. నీళ్లలో పెట్టగానే బిగుసుకుపోయింది. తర్వాత ఒక్కసారిగా తన్నింది. కుందేలు వెనక కాళ్లతో గట్టిగా తన్నుకుంటే దాని వెన్నెముకే విరగవచ్చని అప్పుడు మాకు తెలియదు. తువ్వాలుతో ఎంత తుడిచినా లోపలి బొచ్చు ఆరలేదు. రాత్రి ఏడింటికి కొత్తిమీర పెడితే మొహం తిప్పుకుంది. పదింటికీ తినలేదు. పెంటికలు లేవు. తెల్లవారి ఐదింటికి పొట్ట పట్టుకుంటే గట్టిగా, ఉబ్బిన బెలూనులా ఉంది. పళ్లు పటపట కొరుకుతోంది. అది నొప్పికి గుర్తట.

కుందేలు పేగు ఆగకూడదు. అది వాంతి చేసుకోగలిగే జంతువు కాదు. మేత మానేసి పదీ పన్నెండు గంటలు గడిస్తే ప్రాణం మీదికి వస్తుంది. మేం ఆ హద్దు దాటేశాం. పొద్దున్నే ఆ డాక్టరు గారి తలుపు కొట్టాం. చర్మం కింద సెలైన్, నొప్పికి ఇంజెక్షన్, గ్యాసుకు సిమెథికోన్ చుక్కలు ఇచ్చారు. ఇంటికొచ్చి దాణా గుళికలు నీళ్లలో నానబెట్టి మెత్తగా చేసి, సూది తీసేసిన సిరంజితో రెండు గంటలకోసారి పెదవి పక్క నుంచి కొద్దికొద్దిగా పట్టాను. మా అత్తయ్య దాని పొట్ట మీద చెయ్యి వేసి చిన్నపిల్లకు నిమిరినట్టు నిమురుతూ కూర్చున్నారు. సాయంత్రం నాలుగున్నరకు మిరియపు గింజంత పెంటిక ఒకటి వేసింది. నేను ఏడ్చాను. ఒక పెంటిక చూసి అంత ఏడుపు వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

స్నానాలు అంతటితో ఆపేశాం. మాత్ర మాత్రం నాలుగు వారాలూ వేశాం. మరోవైపు అత్తయ్య వేపనూనె, పసుపు కలిపి రాసేవారు. నేను బజారు దాణా తగ్గించి గడ్డి పెంచాను. ఫిబ్రవరి చివర్లో ఎడమ డొక్క మీద సన్నని నూగు వచ్చింది. మాత్ర వల్లా? గడ్డి వల్లా? వేపనూనె వల్లా? ఇంట్లో ముగ్గురం మూడు మాటలు చెప్పుకున్నాం. పది రోజుల్లో ఆ నూగు కూడా రాలిపోయింది. ఏది పనిచేసిందో, ఏది ఆగితే రాలిందో చెప్పడానికి మా దగ్గర ఏ దారీ లేదు. ఆ నాలుగు నెలల్లో నేను చేసిన పెద్ద పొరపాటు అదే: ఒకదాని మీద ఒకటి వేస్తూ పోవడం.

కుందేళ్లనూ పక్షులనూ ప్రత్యేకంగా చూసే డాక్టర్లు ఉంటారని మా తమ్ముడి స్నేహితురాలు చెప్పింది. హైదరాబాద్‌లో ఒక డాక్టరమ్మ ఉన్నారట. ఫోన్ చేస్తే మూడు వారాల తర్వాత, మార్చి 23 శనివారం పది గంటలకు రమ్మన్నారు. వచ్చేటప్పుడు ఏమేం తేవాలో చెప్పారు: ఆ ముందు రోజు పెంటికలు ఒక కవర్లో, తినే గడ్డి, దాణా కొంచెం కొంచెం, ఇప్పటిదాకా వాడిన మందుల చీటీలన్నీ. వారం ముందు నుంచి ఒంటికి ఏదీ రాయవద్దన్నారు. అత్తయ్యకు ఆ మాట చెప్పడం నాకు కష్టమైంది. ఆవిడ ఏమీ అనలేదు. నూనె గిన్నె తీసి మూత పెట్టి, "సరేలే అమ్మాయ్, ఆవిడ చూసేదాకా ఆగుదాం" అన్నారు.

విజయవాడ నుంచి హైదరాబాద్ దగ్గర దగ్గర 275 కిలోమీటర్లు. ఎండకు భయపడి తెల్లవారుజామున మూడున్నరకు మా మరిది కారులో బయలుదేరాం. నీళ్లు గడ్డకట్టించిన సీసాకు తువ్వాలు చుట్టి బుట్టలో ఒక మూల పెట్టాను. దారిలో తినదేమో అని భయపడ్డాను కానీ నందిగామ దాటగానే గడ్డి నమలడం వినిపించింది. ఆ చప్పుడు వింటూ నేను కాసేపు నిద్రపోయాను కూడా. డీజిలు, టోలు కలిపి రానూపోనూ 4,200 రూపాయలు.

ఆ రోజు ఆవిడ మాతో గంటా పది నిమిషాలు గడిపారు. మొదటి ఇరవై నిమిషాలు బెల్లాన్ని ముట్టుకోనే లేదు. నేల మీద వదిలి చూస్తూ నన్ను అడుగుతూ పోయారు. గోక్కుంటుందా? ఇంట్లో వేరే కుందేలు ఉందా? తన బొచ్చు తనే పీకి గూడులా పెట్టుకుందా? మెడ కింద గంగడోలు దగ్గర పీకిందా? నీళ్లు ఎక్కువ తాగుతోందా? మలద్వారం దగ్గర మెత్తటి పెంటికలు అంటుకుంటున్నాయా? నాలుగు నెలల్లో ఎవరూ అడగని ప్రశ్నలు. నాలో ఏదో ముడి విడిపోయినట్టయింది. తర్వాత చెవులు, పాదాల అడుగు, దవడ ఎముక తడిమారు. చెవిలో చూసే గొట్టాన్నే నోట్లో పెట్టి దవడ పళ్లు చూశారు. పంటి నొప్పి ఉన్న కుందేలు ఒళ్లు సరిగా నాక్కోలేదట.

చర్మం మీద సెల్లో టేపు అంటించి తీశారు. బ్లేడుతో మెల్లగా గీకి ఒక గాజు పలక మీద పెట్టారు. బోడి మచ్చ అంచున ఉన్న వెంట్రుకలు పదీ ఇరవై పీకి ఇంకో పలక మీద నూనె చుక్కలో పరిచి మైక్రోస్కోపు కింద పెట్టి, "మీరూ చూడండమ్మా" అన్నారు.

చూశాను. ఒక్కో వెంట్రుక కొస సూది మొనలా సన్నబడుతూ వెళ్లి ఆగింది. కుందేలు తనే కొరుక్కుంటేనో, వేరేది కొరికితేనో ఆ కొస విరిగిన చీపురు పుల్లలా మొండిగా ఉంటుందట. ఇక్కడ ఒక్కటి కూడా విరగలేదు. తామర ఉంటే వెంట్రుక చుట్టూ గింజలు పేర్చినట్టు కనిపించవచ్చట. లేదు. కుదురు వైపు చూపించారు. అక్కడ చిన్న ముద్దలా, అగ్గిపుల్ల తలలా ఉంది. "ఇవన్నీ నిద్రపోతున్న వెంట్రుకలు. పెరుగుతున్నది ఒక్కటీ కనిపించడం లేదు" అన్నారు. నేను అద్దంలోంచి కన్ను తీయలేకపోయాను. నాలుగు నెలలు నేను కోపంతో, భయంతో చూసిన ఆ బొచ్చు అంత అందంగా ఉంటుందని తెలియదు. లోపలంతా నిచ్చెన మెట్లలా గళ్లు, గళ్లు.

తామర పూర్తిగా కాదని తేల్చడానికి వెంట్రుకలను కల్చర్‌కు, అంటే ఫంగస్ పెరుగుతుందేమో చూసే పరీక్షకు, పంపారు. మూడు, నాలుగు వారాలు పడుతుందన్నారు. అన్ని మందులూ ఆపమన్నారు. "ఒకేసారి నాలుగు పనులు చేస్తే ఏది తోడ్పడిందో నాకూ తెలియదు, మీకూ తెలియదు. ఇక నుంచి ఒకసారికి ఒకటే మారుద్దాం" అన్నారు. ఒక నోటుబుక్కు పెట్టమన్నారు. ప్రతి ఆదివారం, అదే వేళకు, అదే కిటికీ దగ్గర, పక్కన స్కేలు, రూపాయి బిళ్ల పెట్టి ఫోటో. వంటింటి త్రాసు మీద బరువు. తిన్నది, వేసింది. మొదటి పేజీలో ఆవిడే తన చేత్తో రెండు వాక్యాలు రాసి ఇచ్చారు: ఫిప్రోనిల్ వద్దు, నోటి ద్వారా అమాక్సిసిలిన్ వద్దు. రెండోది డాక్టర్లు పిల్లలకు రాసే యాంటీబయాటిక్ సిరప్పే. అది కుందేలు పేగులోని మంచి సూక్ష్మజీవులను చంపి ప్రాణం తీస్తుందట. ఫీజు 800, పరీక్షలకు 1,900 అయ్యాయి.

నోటుబుక్కు మా అబ్బాయి బాధ్యత తీసుకున్నాడు. ఏడో తరగతి వాడు. మొదటి ఆదివారం బరువు 2,110 గ్రాములు అని రాసి, పక్కన కుందేలు బొమ్మ గీసి, బోడి ఉన్న చోట్ల పెన్సిలుతో గీతలు పెట్టాడు. ఆ బొమ్మే తర్వాత మాకు ఫోటోల కన్నా ఎక్కువ పనికొచ్చింది. యాభై బొమ్మలు వరసగా తిప్పితే మచ్చ ఎటు నడిచిందో కనిపిస్తుంది.

ఏప్రిల్ 20న కల్చర్ ఫలితం వచ్చింది. తామర లేదు. సంతోషపడాలో దిగులుపడాలో అర్థం కాలేదు. తామర అయితే మందు ఉంది, తగ్గుతుంది. ఏమీ లేదంటే ఏం చెయ్యాలి? ఆ రాత్రి మా అబ్బాయి, "అమ్మా, దానికి నొప్పి లేదు కదా?" అని అడిగాడు. లేదన్నాను. "అయితే పర్వాలేదులే" అని పడుకున్నాడు. నాకు నిద్ర పట్టలేదు.

తర్వాతి అడుగు బయాప్సీ, అంటే చర్మపు ముక్క తీసి పరీక్షించడం. మే 11కి తేదీ ఇచ్చారు. మాకు 13న పోలింగ్. ఓటు వెయ్యడానికి హైదరాబాద్ నుంచి వచ్చే కార్లన్నీ ఆ వారాంతంలో విజయవాడ హైవే మీదే ఉంటాయి. తిరుగు ప్రయాణంలో టోల్ గేటు దగ్గర ఎండలో గంటలకు గంటలు ఇరుక్కుంటే, అందులోనూ మత్తు నుంచి అప్పుడే తేరుకున్న కుందేలుతో? ఫోన్ చేసి చెప్తే డాక్టరమ్మే వద్దన్నారు. జూన్ 15కి మార్చారు. మే నెలంతా కూలర్ ముందే బెల్లాన్ని కాపాడుకున్నాం. గచ్చు మీద తడిబట్ట పరిచి, మట్టి కుండ అడ్డంగా పడుకోబెడితే అందులో దూరి పడుకునేది. బొచ్చు లేని డొక్కలు చల్లటి కుండకు ఆనించి.

జూన్ 15 గురించి ఒక మాట ముఖ్యం. ముందు రోజు అక్కడి రిసెప్షన్ నుంచి ఫోన్ చేసి, మత్తు ఇస్తారు కాబట్టి రాత్రి నుంచి ఏమీ పెట్టవద్దన్నారు. నాకు ఫిబ్రవరి రాత్రి గుర్తొచ్చి డాక్టరమ్మకే మెసేజ్ పెట్టాను. వెంటనే జవాబు వచ్చింది: అది కుక్కలకూ పిల్లులకూ చెప్పే మాట, కుందేలుకు మేత ఆపకూడదు, ఎప్పటిలాగే పెట్టండి, దారిలోనూ పెట్టండి అని. మీ కుందేలుకు మత్తు ఇవ్వాల్సి వస్తే ఇది డాక్టరునే నేరుగా అడగండి.

ఆ రోజు రెండు చోట్ల నుంచి బియ్యపు గింజ కన్నా కాస్త పెద్ద చర్మపు ముక్కలు తీశారు. ఒకటి బోడి మధ్యలో నుంచి, ఒకటి అంచు నుంచి. ఛాతీ ఎక్స్‌రే కూడా తీశారు. గుండె ముందుండే థైమస్ గ్రంథిలో గడ్డ ఉంటే కొన్ని కుందేళ్లకు చర్మం పొట్టు లేచి బొచ్చు ఊడుతుందట. పొట్ట గొరిగి స్కానింగ్ చేశారు. మొత్తం 7,700. పదకొండు రోజులు ఎదురుచూశాం. క్యాన్సర్ అన్న మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. కానీ అత్తయ్య ఆ పదకొండు రోజులూ ఏలూరు కాలువ గట్టు దాకా నడిచి వెళ్లి గరిక కోసుకొచ్చారు. గట్టు అంచున కుక్కలు తిరిగే చోట కాకుండా లోపలికి దిగి, ఒక్కో పోచ ఏరి, ఇంట్లో రెండు నీళ్లలో కడిగి ఆరబెట్టి పెట్టేవారు. మోకాళ్ల నొప్పులు ఆవిడకు.

జూన్ 26న రిపోర్టు. పురుగులు లేవు. ఫంగస్ లేదు. నూనె గ్రంథులు బాగున్నాయి. క్యాన్సర్ కణాలు లేవు. వెంట్రుకల కుదుళ్లు విశ్రాంతి దశలో ఉన్నాయి. కారణం ఇదని చెప్పలేమని చివరి వాక్యం. స్కానింగ్‌లో మాత్రం గర్భసంచి గోడ కొంచెం మందంగా కనిపించింది.

డాక్టరమ్మ ఏదీ దాచకుండా మాట్లాడారు. గర్భసంచి, అండాశయాలు తీసేద్దామన్నారు. "బొచ్చు కోసమని నేను చెప్పడం లేదు. హార్మోన్ల వల్ల కావచ్చు, కాకపోవచ్చు. కానీ ఆపరేషన్ చేయించని ఆడ కుందేళ్లకు మూడు నాలుగేళ్లు దాటాక గర్భసంచి క్యాన్సర్ చాలా ఎక్కువగా వస్తుంది. బొచ్చు రాకపోయినా ఈ ఆపరేషన్ చేయించుకోవలసిందే" అన్నారు. వస్తుందని ఆశ పెట్టి ఉంటే నేను మరుసటి వారమే చేయించేదాన్ని. ఆశ పెట్టలేదు కాబట్టే ఆవిడ మాట నమ్మాను. ఎండలు తగ్గి, బయాప్సీ కుట్లు పూర్తిగా మాని, బరువు నిలకడగా ఉండేదాకా ఆగమన్నారు. ఆగస్టు 31 ఖాయం చేసుకున్నాం.

ఆగస్టు 31 తెల్లవారుజామున మూడింటికి లేచి కిటికీ తీస్తే ఆకాశం చిల్లు పడ్డట్టు వాన. ఆగిపోయాం. విజయవాడలో ఉన్నవాళ్లకు ఆ తర్వాతిది చెప్పనక్కర్లేదు. సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్లు సింగ్ నగర్‌లోకి వచ్చాయి. హైవే మీదా నీళ్లు పొంగి హైదరాబాద్ దారి తెగింది. ముందు రోజు వెళ్లి ఉంటే తిరిగి రాలేకపోయేవాళ్లం. కింది ఇళ్లు మునిగాయి. కరెంటు లేదు, మంచినీళ్లు లేవు. మేం రెండో అంతస్తులో కాబట్టి ప్రాణాలతో, సామాన్లతో ఉన్నాం. కింద వాళ్లు మూడు కుటుంబాలు మా ఇంట్లోనే ఉన్నారు. పడవల్లో తెచ్చిన నీళ్ల సీసాలు లెక్కపెట్టి పంచుకున్నాం. బెల్లానికి రోజుకు ఒక గ్లాసు. అటక మీద అట్టపెట్టెలో రెండు కిలోల తిమోతి అనే ఎండు గడ్డి ఉండబట్టి అది బతికింది. సంక్రాంతి నుంచి మా ఇంటికి రావడం మానేసిన పక్క ఫ్లాటు పాప ఆ చీకటి రాత్రుల్లో దాన్ని ఒళ్లో పెట్టుకుని పడుకుంది. బోడి డొక్క మీదే చెయ్యి వేసి.

ఆపరేషన్ సెప్టెంబరు 21న జరిగింది. ముందు రక్త పరీక్ష 1,800, ఆపరేషన్, ఒక రాత్రి అక్కడ ఉంచడానికి 11,000. బయటకు తీసిన గర్భసంచిని ఒక గిన్నెలో చూపించారు. లోపలి పొరలో సగ్గుబియ్యంలాంటి నీటి బుడగలు. క్యాన్సర్ కాదు, కానీ ఆరోగ్యంగా ఉన్న గర్భసంచి కూడా కాదు. ఒక అండాశయం మీద చిన్న తిత్తి. ఆ రాత్రి నేను ఆస్పత్రి ఎదురుగా లాడ్జిలో ఉన్నాను. పదకొండున్నరకు నర్సమ్మ ఒక వీడియో పంపింది. ఏడు సెకన్లు. బెల్లం కొత్తిమీర కాడ నములుతోంది. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

ఇంటికొచ్చాక అక్టోబరంతా ఏ మార్పూ లేదు. అక్టోబరు 31 దీపావళి. మొదటి మచ్చ చూసి దాదాపు ఏడాది. ఆ వారం మా అబ్బాయి బొమ్మ కింద ఏమీ రాయలేదు, తేదీ, బరువు తప్ప.

నవంబరు 17 ఆదివారం ఫోటో తీస్తుంటే కుడి డొక్క మీద చర్మం నల్లబడి కనిపించింది. దెబ్బ తగిలి కమిలినట్టు నీలం, నలుపు కలిసిన రంగు. రెండు బిళ్లలు. ముట్టుకుంటే చర్మం అక్కడ కొంచెం దళసరిగా ఉంది. రక్తం గడ్డకట్టిందో, కుళ్లుతోందో అని నా గుండె జారిపోయింది. వీడియో కాల్ చేశాను. డాక్టరమ్మ ఫోను దగ్గరగా పెట్టమని, ఇంకా దగ్గరగా పెట్టమని, నవ్వారు. "అది దెబ్బ కాదమ్మా, బొచ్చు. చర్మం కింద కుదుళ్లు మేలుకుని రంగు నింపుకుంటే పైకి ఇలా నల్లగా కనిపిస్తుంది. పది రోజులు ఆగండి" అన్నారు.

ఎనిమిదో రోజుకే వచ్చింది. నల్లబడిన మేరకే, గీత గీసినట్టు, పొట్టిగా, దట్టంగా. చేత్తో నిమిరితే కొత్త టూత్‌బ్రష్‌లా తగిలింది. డిసెంబరు చివరికి ఎడమ డొక్క నల్లబడింది. 2025 సంక్రాంతికి తోక పైభాగం. పండక్కి వచ్చిన బంధువుల ముందు ఈసారి దాన్ని గదిలో పెట్టలేదు.

ఆపరేషన్ వల్లే వచ్చిందా అని డాక్టరమ్మను అడిగాను. "కావచ్చు. ఆగిపోయిన కుదుళ్లు తమంత తామే మేలుకునే కాలం వచ్చి ఉండవచ్చు కూడా. చలికాలం బొచ్చు వచ్చే వేళ కూడా అదే కదా. నేను తేల్చి చెప్పలేను" అన్నారు. ఒకసారికి ఒకటే మార్చాం కాబట్టి ఈ మాత్రమైనా చెప్పగలుగుతున్నాం. మందుల చీటీలు, ప్రయాణాలు, గడ్డి అన్నీ కలిపి ఇప్పటికి 49 వేల పైచిలుకు ఖర్చయింది. అందులో దాదాపు పదివేలు గడ్డికే. తిమోతి గడ్డి ఇక్కడ దొరకదు, తెప్పించుకోవాలి. ఇప్పుడు సగం గరికే పెడుతున్నాం.

తామర, పురుగులు, తనే పీక్కోవడం, పళ్లు, గర్భసంచి... మీ కుందేలు విషయంలో ఇవన్నీ వరసగా చూసుకుంటూ వెళ్లవలసి వస్తే మీ డాక్టరుతో మొదటి రోజే చెప్పండి: గోక్కుంటోందా లేదా, పొట్టు ఉందా లేదా, ఇంట్లో ఎవరికైనా మచ్చలు వచ్చాయా, తినడం, పెంటికలు ఎలా ఉన్నాయి. అడగకపోయినా చెప్పండి. స్నానం చేయించమంటే, ఎందుకని అడగండి.

కుడి డొక్క మీద మొదటి మచ్చ మొదలైన చోట మాత్రం ఇంకా రూపాయి బిళ్లంత మేర బోడిగానే ఉంది. అది నిండుతుందో లేదో తెలియదు. గత ఆదివారం, మార్చి 9న, మా అబ్బాయి నోటుబుక్కులో రాసింది ఇది: బరువు 2,240. పెంటికలు బాగున్నాయి. మామ్మ గరిక తెచ్చింది. బిళ్ల అంతే ఉంది, కానీ అంచు నల్లగా కనిపిస్తోంది.